గ్రహముల వెనుకనడక

శ్రీకాకుళము జిల్లాలో సోంపేటకు సమీపమున మహేంద్రతనయానది సముద్రములో కలియుచున్నది. ఆ సంగమము నొద్దనున్న ఊరే బారువ. పూర్వమిది ఓడలు వచ్చిపోవు రేవు. నేటికిని అచ్చట దీపస్తంభము కలదు. ఊరికి పడమట ఉద్దానపు కొబ్బరితోటలు, జీడితోటలు. వాని వెనుక దూరమున మహేంద్రగిరి. తూర్పునకు తిరిగి నిలిచినచో నీరును ఆకాశమును తప్ప మరేమియు కనబడదు. ఆకాశమును పరిశీలింపగోరువారికి ఇంతకంటె అనువైన చోటు అరుదు.

2025వ సంవత్సరమున సంక్రాంతి పండుగ దినములలో, ప్రొద్దు మహేంద్రగిరి దెసకు క్రుంకుచుండగా, ఆ తీరమునకెదురుగ సముద్రముమీద ఎఱ్ఱని చుక్క యొకటి పైకి లేచుచుండెను. తక్కిన చుక్కలవలె మినుకుమినుకుమనక నిలుకడగా వెలుగుచుండిన ఆ చుక్కయే కుజుడు. అంగారకుడని మరియొక పేరు. దాని చెంతనే పునర్వసు నక్షత్రములు రెండును ఉండెను. ఒక్క రాత్రి మాత్రము చూచినవారికి ఇందులో విశేష మేమియు తోచదు. ప్రతిరాత్రియు చూచినవారికి మాత్రము ఒక వింత కనబడియుండును.

గ్రహములు సాధారణముగ నక్షత్రముల నడుమ పడమటినుండి తూర్పునకు జరుగుచుండును. కుజుడును అట్లే కర్కాటకరాశిలో తూర్పునకు పోవుచు, 2024 డిసెంబరు 7వ తేదీ ప్రాంతమున నిలిచిపోయెను. పిమ్మట వెనుకకు మరలి పడమటికి నడవసాగెను. ఎనుబది దినములు అట్లు నడచి, మిథునరాశిలో 2025 ఫిబ్రవరి 24వ తేదీ ప్రాంతమున మరల నిలిచి, తిరిగి తూర్పుదారి పట్టెను. పంచాంగకర్తలు దీనిని వక్రగతి యందురు. కుజునకే కాదు, బుధ శుక్ర గురు శనులకును ఈ వెనుకనడక కలదు. సూర్యచంద్రులకు లేదు.

రాత్రివేళ వేటకు పోవు జాలరులు దిక్కు తెలిసికొనుటకు నక్షత్రములను నమ్ముదురు గాని గ్రహములను నమ్మరు. నక్షత్రములు తమలో తాము చోటు మారవు, గ్రహములు మారును. గ్రీకులు ఈ గ్రహములకు దేశదిమ్మరులు అను అర్థము వచ్చు పేరు పెట్టిరి. ఈ దిమ్మరుల నడకకు ఒక నియమమున్నదా? ఉన్నచో ముందుకు పోవునది వెనుకకేల మరలును? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము దొరకుటకు మానవులకు రెండువేల యేండ్లు పట్టెను.

వక్రగతి లేని సూర్యుడు కూడ చిక్కు కలిగింపక మానలేదు. బారువ తీరమున సంవత్సరము పొడవునను సూర్యోదయమును గుర్తించుచు వచ్చినచో, సూర్యుడు ఒక్కచోటనే ఉదయింపడని తెలియును. జూన్ నెలలో ఉదయస్థానము ఎడమవైపునకు, అనగా ఇచ్ఛాపురపు దిక్కునకు, పోవును. డిసెంబరులో కుడివైపునకు, దక్షిణముగ, జరుగును. ఇందువలననే శ్రీకాకుళ పట్టణమునకు చేరువనున్న అరసవల్లి దేవాలయమున ఏడాదికి రెండు మారులు, మార్చి రెండవ వారమున ఒకమారును అక్టోబరు తొలి దినములలో ఒకమారును, ఉదయకిరణములు గర్భాలయములోని సూర్యనారాయణమూర్తి పాదములను తాకును. ఉత్తరమునకు పోవునప్పుడొకసారి, దక్షిణమునకు వచ్చునప్పుడొకసారి సూర్యుడు ఒకే స్థానమున ఉదయించుటయే దీనికి కారణము.

సూర్యుడు సరిగా తూర్పున ఉదయించు దినములును రెండే: మార్చి 20 ప్రాంతమున ఒకటి, సెప్టెంబరు 23 ప్రాంతమున మరియొకటి. మార్చినుండి సెప్టెంబరు వరకు లెక్కించిన 186 దినములు వచ్చును. సెప్టెంబరునుండి మార్చి వరకు 179 దినములే. సూర్యుడు ఒకే వేగముతో గుండ్రని దారిలో తిరుగుచున్నచో రెండు సగములును సమానముగ నుండవలదా? ఈ ఏడు దినముల తేడా చిన్నదే. కాని జ్యోతిశ్శాస్త్ర చరిత్రయంతయు ఇట్టి చిన్న తేడాల వెంట నడచినదే.

ఆకాశవస్తువులు పరిపూర్ణములు గనుక వాని మార్గము వృత్తముగనే యుండవలెనని, వాని వేగము మారరాదని ప్రాచీన గ్రీకుదేశపు పండితులు తలచిరి. భూమి నడుమ కదలక యున్నదని అందరివలె వారును నమ్మిరి. క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దమున అరిస్టార్కసు అనువాడొక్కడు సూర్యుడే నడుమనున్నాడని, భూమి అతనిచుట్టు తిరుగుచున్నదని చెప్పెను గాని, ఆ మాటను చెవినిబెట్టినవారు మిక్కిలి కొద్దిమంది.

క్రీస్తుశకము 150 ప్రాంతమున అలెగ్జాండ్రియా నగరమున టాలెమీ యను విద్వాంసుడు ఈ తలపులనన్నిటిని కూర్చి పెద్ద గ్రంథము వ్రాసెను. వెనుకనడకకు అతడు చూపిన ఉపాయమిది. పెద్ద బండిచక్రపు అంచుమీద ఒక చిన్నచక్రమును అమర్చినట్లు ఊహింపుడు. బండిచక్రము మెల్లగా తిరుగుచుండ, చిన్నచక్రమును దానితోపాటు తిరుగుచుండును. చిన్నచక్రపు అంచున గ్రహమున్నది. బండిచక్రపు నడుమ భూమి యున్నది. చిన్నచక్రము గ్రహమును ముందుకు త్రిప్పినప్పుడు రెండు వేగములును కలిసి గ్రహము త్వరగా పోవును. వెనుకకు త్రిప్పినప్పుడు గ్రహము వెనుకకు జరిగినట్లు కనబడును. సూర్యుని ఏడుదినముల తేడాకు భూమిని చక్రపు నడుమనుండి కొంచెము ప్రక్కకు జరిపిన చాలును. నేటి కొన్ని పుస్తకములలో టాలెమీని మూఢునిగ చిత్రింతురు. అది న్యాయము కాదు. అతని లెక్కలు పదునాలుగు వందల యేండ్లు గ్రహణములను, గ్రహస్థానములను పనికివచ్చునంత చక్కగా చెప్పినవి.

భారతదేశమునను ఈ విచారము శ్రద్ధతో సాగెను. ఆర్యభటుడు 476లో జన్మించి, 499లో తన గ్రంథమును రచించెను. ఆకాశము ప్రతిదినము తూర్పునుండి పడమటికి తిరుగుచున్నట్లు తోచుటకు, భూమి తనచుట్టు తాను తిరుగుటయే కారణమని అతడు నిరూపింపబూనెను. అందుకతడు చూపిన ఉపమానము బారువవంటి రేవులోని పిల్లవానికి కూడ తెలియునదే: పడవలో ముందుకు పోవువానికి ఒడ్డుననున్న చెట్లు వెనుకకు పోవుచున్నట్లు కనబడును.

ఈ మాట తోటి పండితులకు రుచింపలేదు. భూమి తిరుగుచున్నచో గూడు విడిచి ఎగిరిన పక్షి తిరిగి తన గూటికి ఎట్లు చేరునని వరాహమిహిరుడు ప్రశ్నించెను. 628లో గ్రంథము వ్రాసిన బ్రహ్మగుప్తుడును ఆర్యభటుని ఖండించెను. ఈ ఆక్షేపణలు తెలివితక్కువవి కావు. పడవ సాగిపోవుచుండగా తెరచాపకొయ్య పైనుండి రాయి జారవిడిచిన, అది వెనుక నీటిలో పడక కొయ్య మొదటనే పడునని, రాయి కూడ పడవవేగమును కలిగియుండుటయే దానికి కారణమని తేటతెల్లముగ చెప్పుటకు పదునేడవ శతాబ్దమున గెలీలియో రావలసివచ్చెను.

గ్రహముల నడకకు మన సిద్ధాంతులు రెండు సవరణలు చేసిరి. మందఫలమనునది వేగములోని హెచ్చుతగ్గులను సరిదిద్దును. శీఘ్రఫలమనునది వక్రగతిని లెక్కకు తెచ్చును. ఇందులో గమనింపదగినది యొకటి కలదు. కుజ గురు శనుల శీఘ్రఫలము కట్టుటకు సూర్యుడున్న స్థానము కావలెను. గ్రహమేదైనను లెక్కలో సూర్యుడు వచ్చి కూర్చుండును. ఏల యని చాలకాలము ఎవరును గట్టిగా అడుగలేదు.

సూర్యసిద్ధాంతము తెలుగునాట విశేషముగ ఆదరింపబడినది. మల్లికార్జునసూరి 1178లో దానికి సంస్కృతమున టీక వ్రాసెను. అంతకుముందే తెలుగులో ఒక టీక రచించియుండెను. ఆంధ్రదేశీయుడైన యల్లయ 1472లో మరియొక వ్యాఖ్యానము రచించెను. కేరళదేశమున పరమేశ్వరుడు ఏబదియేండ్లకు పైగా గ్రహణములను కంటితో చూచి, పాత లెక్కలు తప్పుచున్నవని తెలిసికొని, 1431లో దృగ్గణితమను కొత్తపద్ధతిని ఏర్పరచెను. దృక్కు అనగా చూపు. చూపునకు సరిపడునదే గణితమని ఆ పేరిలోనే యున్నది. తరువాత 1500 ప్రాంతమున నీలకంఠ సోమయాజి, గ్రహములైదును సూర్యుని చుట్టును, సూర్యుడు భూమి చుట్టును తిరుగుచున్నట్లు గ్రహించెను. పైన చెప్పిన ప్రశ్నకు సగము సమాధానము అచ్చట దొరకినది.

తక్కిన సగమును 1543లో పోలండుదేశస్థుడైన కోపర్నికసు వెల్లడించెను. సూర్యుడే నడుమనున్నాడు, భూమి కూడ గ్రహములలో నొకటి. ఇట్లనుకొన్నచో వక్రగతికి చిన్నచక్రము అవసరమే లేదు.

బారువ రేవునుండి రెండు పడవలు ఉత్తరముగా పోవుచున్నవనుకొందము. ఒడ్డునకు చేరువగ పోవునది తెరచాప పడవ. దానికి వెలుపల, సముద్రము లోపలగా పోవునది మోటారు పడవ. మోటారు పడవలోనివాడు పడమటికి చూచినచో తెరచాప పడవ కనబడును. దాని వెనుక దూరమున మహేంద్రగిరి కనబడును. మోటారు పడవ తెరచాప పడవను దాటిపోవుచున్నప్పుడు, ఆ తెరచాప కొండకెదురుగ దక్షిణమునకు జరుగుచున్నట్లు తోచును. నిజమునకు అదియు ఉత్తరముగనే పోవుచున్నది. భూమి సెకనుకు సుమారు 30 కిలోమీటర్లు పోవును. కుజుడు 24 కిలోమీటర్లు మాత్రమే పోవును. భూమి కుజుని దాటిపోవు కాలమున కుజుడు వెనుకకు నడచినట్లు మనకు కనబడును. కొండకు బదులు అచ్చట నక్షత్రములున్నవి. దాటునప్పుడే రెండును దగ్గరగ నుండును గనుక కుజుడు అప్పుడే మిక్కిలి కాంతితో వెలుగును; అప్పుడే సూర్యునకెదురుగ, ప్రొద్దుక్రుంకు వేళ సముద్రములోనుండి లేచును. వేరువేరుగ కనబడు మూడు సంగతులకు ఒకే కారణము దొరకెను.

ఇంత చక్కని సిద్ధాంతమును లోకము వెంటనే ఏల అంగీకరింపలేదని అడుగవచ్చును. కోపర్నికసు కూడ వృత్తములను విడువలేదు. అందువలన అతని లెక్కలు ఆకాశమునకు టాలెమీ లెక్కలకంటె అంతగా మెరుగుగా సరిపడలేదు. డెన్మార్కుదేశస్థుడైన టైకో బ్రాహే మరియొక ఆక్షేపణ తెచ్చెను. భూమి సూర్యుని చుట్టు అంత పెద్దదారిలో తిరుగుచున్నచో, జనవరిలో చూచిన నక్షత్రము జూలైలో కొంచెమైనను ప్రక్కకు జరిగినట్లు కనబడవలెను. అతడెంత జాగ్రత్తగ చూచినను అట్టి కదలిక కనబడలేదు. కావున గ్రహములు సూర్యుని చుట్టును, సూర్యుడు భూమి చుట్టును తిరుగుచున్నట్లు అతడు నిర్ణయించెను. నక్షత్రముల కదలిక లేకపోలేదు. కంటికి అందనంత చిన్నది. 1838లో బెస్సెల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు గొప్ప దూరదర్శినితో దానిని మొదటిసారి కొలువగలిగెను. టైకో అప్పటికి చనిపోయి రెండువందల ఏండ్లు దాటెను.

టైకో సిద్ధాంతము నిలువలేదు గాని ఆయన కొలతలు నిలిచినవి. దూరదర్శిని లేని కాలమున ఆయన గ్రహస్థానములను ఒకటి రెండు కళల తేడాతో గుర్తించెను. ఆకాశవృత్తములో 360 అంశలు. అంశకు 60 కళలు. కళకు 60 వికళలు. నిండుచంద్రుని వెడల్పు సుమారు 30 కళలు. దీనినిబట్టి కళ యెంత సన్ననిదో ఊహింపవచ్చును.

1601లో టైకో మరణింపగా, ఆ కొలతలు కెప్లరు చేతికి వచ్చినవి. కెప్లరు కుజుని దారిని వృత్తముగ భావించి సంవత్సరములకొలది లెక్కలు కట్టెను. తుదకొక లెక్క కుదిరినది. దానికిని టైకో కొలతలకును గల తేడా యెచ్చటను ఎనిమిది కళలను మించలేదు. ఎనిమిది కళలనగా చంద్రుని వెడల్పులో నాల్గవవంతు. మరియొకడైనచో కన్ను పొరపడినదని సరిపెట్టుకొనియుండును. టైకో రెండు కళలకు మించి పొరబడడని కెప్లరునకు గట్టినమ్మకము. అందువలన తన శ్రమనంతయు త్రోసివేసి, రెండువేల యేండ్లుగ ఎవరును శంకింపని వృత్తమునే శంకించెను. 1609లో ఆయన ప్రకటించిన ఫలితము: గ్రహమార్గము దీర్ఘవృత్తము, సూర్యుడు దాని నడుమ నుండడు, నాభియందుండును.

దీర్ఘవృత్తమును బారువ ఇసుకలో గీయవచ్చును. రెండు మేకులు పాతి, వానిచుట్టు వదులుగ ఒక దారపుముడి వేసి, ఆ దారమును పుల్లతో బిగలాగి త్రిప్పిన చాలును. మేకులున్నచోట్లు నాభులు. కుజుని దారిని 200 అడుగుల పొడవున గీచినచో దాని వెడల్పు 199 అడుగులకు పైగనే యుండును. కంటికి అది వృత్తమువలెనే తోచును. కాని సూర్యుడు మాత్రము నడుమనుండి తొమ్మిది అడుగులకు పైగ ప్రక్కకుండును. కెప్లరు పట్టుకొన్న రహస్యమింత సూక్ష్మమైనది.

గ్రహము సూర్యునకు దగ్గరగ నున్నప్పుడు వేగముగను, దూరమైనప్పుడు మెల్లగను పోవునని కూడ ఆయన కనుగొనెను. భూమి జనవరి మొదటి వారమున సూర్యునకు మిక్కిలి దగ్గరగ నుండును. అందుచేతనే సెప్టెంబరునుండి మార్చి వరకు గల సగము 179 దినములలో ముగియును.

మరి పదియేండ్లకు, 1619లో, మూడవ నియమము వచ్చెను. భూమికిని సూర్యునికిని గల దూరమును ఒకటిగ తీసికొన్నచో, బృహస్పతి దూరము 5.2. దీనిని మూడుమారులు హెచ్చవేసిన 140.6 వచ్చును. బృహస్పతి సూర్యుని ఒకసారి చుట్టివచ్చుటకు 11.86 సంవత్సరములు పట్టును. దీనిని రెండుమారులు హెచ్చవేసినను రమారమి 140.6 వచ్చును. ఏ గ్రహమునకైనను ఇట్లే సరిపోవును. పుష్కరములు పండ్రెండేండ్ల కొకసారి వచ్చుటయు ఈ బృహస్పతి నడకనుబట్టియే. ఆయన సింహరాశిని చేరినప్పుడు గోదావరికిని, కన్యారాశిని చేరినప్పుడు కృష్ణకును పుష్కరము. 2015లో గోదావరికి, 2016లో కృష్ణకు జరిగినవి.

గ్రహములు ఇట్లే నడచుటకు కారణమేమో కెప్లరు చెప్పలేకపోయెను. దానిని 1687లో న్యూటను చెప్పెను. ఉద్దానపు తోటలో చెట్టునుండి రాలిన కొబ్బరికాయ మొదటి సెకనులో 4.9 మీటర్లు పడును. చంద్రుడు భూమి నడిబొడ్డునుండి మనకంటె అరువదిరెట్లు దూరమున నున్నాడు. దూరము అరువదిరెట్లయిన ఆకర్షణ 3600 రెట్లు తగ్గునని న్యూటను సిద్ధాంతము. ఆ లెక్కన చంద్రుడు సెకనులో 1.36 మిల్లీమీటర్లు మాత్రమే భూమివైపు ఒరుగవలెను. చంద్రుని దారి వంపును కొలిచిన సరిగా అంతయే యున్నది. కొబ్బరికాయను క్రిందికి లాగు బలమే చంద్రుని భూమిచుట్టును, గ్రహములను సూర్యునిచుట్టును త్రిప్పుచున్నది.

ఈ సిద్ధాంతములు మన తీరమునకు రెండు దారుల వచ్చినవి. ఒక దారి విశాఖపట్టణమునుండి, మరియొకటి ఒరిస్సాలోని కొండసీమనుండి. రెండును ఒకే కాలమునాటివి.

విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావు అను జమీందారు మద్రాసు వేధశాలలో ఖగోళశాస్త్రము నభ్యసించి, 1840లో స్వంతముగ ఒక వేధశాలను కట్టించెను. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నిర్వహించెను. లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను సభ్యునిగ చేర్చుకొనెను. 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగ చిన్న నల్లని చుక్కవలె సాగిపోయెను. దానిని నరసింగరావు పరిశీలించెను. కెప్లరు నియమము గ్రహముల దూరముల నిష్పత్తిని మాత్రమే చెప్పును. అసలు దూరమును చెప్పదు. భూమిమీది వేరువేరు చోట్లనుండి శుక్రుని ఈ గమనమును చూచి, కాలమును పోల్చినచో సూర్యుని దూరము తెలియును. అది సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. ఇట్టి గమనము మిక్కిలి అరుదు: 1882 తరువాత 2004, 2012 సంవత్సరములలో జరిగినది, మరల 2117లోగాని రాదు.

ఇక రెండవ దారి. బారువకు ఉత్తరముగ, సూటిగా 160 కిలోమీటర్లకు కొంచెము పైగా పోయిన ఖండపడా అను ఊరు వచ్చును. పూర్వమది చిన్న సంస్థానము. బారువయు 1936 వరకు గంజాం జిల్లాలోనిదే యగుటచే, ఒరిస్సాసీమతో ఈ ప్రాంతమునకు రాకపోకలు పాతవే. ఖండపడా రాజవంశమున 1835లో సామంత చంద్రశేఖరుడు జన్మించెను. ఒరియావారు ఆయనను పఠాణి సామంత యందురు. ఆయనకు ఇంగ్లీషు రాదు. దూరదర్శిని లేదు. సంస్కృత గ్రంథములును, కన్నులును మాత్రమే యుండెను.

చిన్ననాడే ఆయన సిద్ధాంత గ్రంథములనుబట్టి గ్రహస్థానములను కట్టనేర్చెను. లెక్క చెప్పినచోట ఆకాశమున చూచిన గ్రహము లేదు. లెక్క తప్పెనేమోయని మరల కట్టెను; మరల అంతే. తప్పు తన లెక్కలో లేదు, గ్రంథములలోని అంకెలలోనే యున్నదని తెలిసికొనుటకు ధైర్యము కావలసివచ్చెను. ఆ అంకెలు సూర్యసిద్ధాంతాదులవి. వానిని నమ్ముకొని పండుగలు, వ్రతములు, ముహూర్తములు జరుగుచున్నవి.

ఆయన తానే ఒక సాధనము చేసికొనెను. దాని పేరు మానయంత్రము. ఇరువదినాలుగు అంగుళముల సన్నని కఱ్ఱ. దాని చివర అడ్డముగ మరియొక కఱ్ఱ. అడ్డకఱ్ఱకు గంట్లు, రంధ్రములు ఉండును. కఱ్ఱ కొసను కంటియొద్ద నుంచుకొని, ఏ రంధ్రమునకెదురుగ నక్షత్రము కనబడునో చూచినచో కోణము తెలియును. ఇట్టి కఱ్ఱలతో ఆయన ఎన్నో యేండ్లు ప్రతిరాత్రి ఆకాశమును కొలిచెను. ఆ ఫలితములను సంస్కృతశ్లోకములుగ తాటాకులపై వ్రాసిన గ్రంథమే సిద్ధాంతదర్పణము. కటకములోని రావెన్షా కళాశాలలో అధ్యాపకుడైన యోగేశచంద్ర రాయ్ దాని విలువ నెరిగి, పూనుకొని, 1899లో కలకత్తాలో అచ్చువేయించెను.

ఆ కఱ్ఱల కొలత యెంత సరియైనదో శనిగ్రహమునుబట్టి తెలిసికొనవచ్చును. శని ఒక ప్రదక్షిణము చేయుటకు సూర్యసిద్ధాంతము చెప్పిన కాలము 10765.77 దినములు. సామంత చంద్రశేఖరుడు కట్టినది 10759.76 దినములు. నేటి శాస్త్రజ్ఞుల లెక్క 10759.22 దినములు. ఆరుదినములకు మించిన తప్పు అరదినమునకు దిగినది. శని దినమునకు రెండు కళలు నడచును గనుక పాతలెక్కలో ఒక్క ప్రదక్షిణమునకు పదమూడు కళల తేడా వచ్చును. పది ప్రదక్షిణములు గడచునప్పటికి అది రెండంశలు దాటును. చంద్రుని నడకలో పాత సిద్ధాంతములు చాలవరకు లెక్కింపని మూడు సవరణలను కూడ ఆయన స్వయముగ కనుగొని, తుంగాంతరము, పాక్షికము, దిగంశము అని పేర్లు పెట్టెను. పూరీ జగన్నాథస్వామి ఆలయమున ఉత్సవకాలములు ఆయన గణితము ననుసరించి నిర్ణయింపబడుచున్నవి.

గ్రహములు సూర్యుని చుట్టును, సూర్యుడు భూమి చుట్టును తిరుగుచున్నట్లు ఆయన నిశ్చయించెను. టైకో బ్రాహే పేరైనను ఎరుగక టైకో చేరినచోటికే చేరెను. భూమి కదలదని చివరివరకు నమ్మెను. అది పొరపాటే. పొరపాటైనను ఆయన లెక్కలు సరిపోవుటకు కారణము పడవలనుబట్టియే గ్రహింపవచ్చును. మోటారు పడవలోనివాడు తాను కదలుటలేదనుకొని, ఒడ్డును, తెరచాప పడవను తనకెదురుగ కదలించి లెక్క కట్టినను, ఏ క్షణమున ఏది ఏ దిక్కున కనబడునో సరిగనే చెప్పగలడు. దిక్కు సరిపోవును, కదలిక ఎవరిదను సంగతి దిక్కునుబట్టి తేలదు. అది తేలుటకు నక్షత్రముల సూక్ష్మచలనమును కొలుచు దూరదర్శినియో, న్యూటను ఆకర్షణ సిద్ధాంతమో కావలెను. ఖండపడాలో ఆయనకు రెండును అందుబాటులో లేవు.

1874 డిసెంబరులో నరసింగరావు విశాఖపట్టణమునుండి చూచిన శుక్రగమనమును సిద్ధాంతదర్పణము కూడ ప్రస్తావించుచున్నది. శుక్రబింబము సూర్యబింబములో ముప్పదిరెండవ వంతుగ కనబడెనని, గ్రహములు సూర్యునికంటె చాల చిన్నవని దానివలన రుజువగుచున్నదని అందున్నది. నేటి లెక్కనుబట్టియు ఆ వంతు ఇంచుమించు అంతయే. ఒకే తీరమున, ఒకే ఉదయమున జరిగిన వింత యిది. ఒకచోట లండను సొసైటీ సభ్యుని వేధశాల, మరియొకచోట కఱ్ఱముక్కల పండితుడు. 1893లో ఆయనకు మహామహోపాధ్యాయ బిరుదము లభించెను. 1904లో ఆయన మరణించెను.

న్యూటను సిద్ధాంతముతో అంతయు ముగిసినదని చాలమంది తలచిరి. 1846లో, యురేనసు నడకలోని తేడానుబట్టి లెక్కకట్టి చూపిన చోటనే నెప్ట్యూను దొరకినప్పుడు ఆ నమ్మకము మరింత గట్టిపడెను. కాని బుధుడు లొంగలేదు. అతని దీర్ఘవృత్తము నూరేండ్లకు 43 వికళలు అదనముగ తిరుగుచుండెను. వికళ కళలో అరువదవవంతు. ఆ 43 వికళలకు కారణమును 1915లో ఐన్‌స్టీను చెప్పెను. అందుకతడు న్యూటను ఆకర్షణ సిద్ధాంతమునే సవరింపవలసివచ్చెను.

తెలుగునాట పంచాంగముల సంగతి ఇంకను తేలలేదు. పూర్వసిద్ధాంతమును పట్టుకొన్నవి కొన్ని, దృక్సిద్ధాంతమును అనుసరించునవి కొన్ని ప్రతియేటను అచ్చగుచున్నవి. చంద్రుని సవరణలను విడిచిన లెక్కకును, దృశ్యమైన లెక్కకును కొన్ని తిథులలో ఆరుగంటల వరకు భేదము వచ్చును. అందువలన ఒకే వీధిలో రెండు ఇండ్లవారు వేరువేరు దినములలో ఏకాదశి చేయుట తటస్థించుచున్నది. ఈ చిక్కును తీర్చుటకు భారతప్రభుత్వము మేఘనాథ సాహా అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. ఆ సంఘము 1955లో నివేదిక నిచ్చెను. 1957 మార్చి 22 నుండి జాతీయ పంచాంగము అమలులోనికి వచ్చెను. ప్రభుత్వపు గణితము దృగ్గణితమే. ఇండ్లలో మాత్రము ఎవరికి అలవాటైన పంచాంగము వారిదే.

కుజుడు సూర్యునకెదురుగ వచ్చు సంఘటన సుమారు 780 దినముల కొకసారి జరుగును. 2025 జనవరి 16 తరువాతి దినము 2027 ఫిబ్రవరి 19. అప్పుడతడు మఖానక్షత్రము చెంత వక్రగతిలో నుండును. మానయంత్రము వంటిదానిని ఒక సన్నని కఱ్ఱతోను, కొబ్బరి ఈనెతోను ఎవరైనను చేసికొనవచ్చును. ఈనెకు సమదూరములలో గంట్లు పెట్టి, కఱ్ఱ కొసకు అడ్డముగ కట్టవలెను. మఖను ఒక గంటికి సరిపెట్టి, కుజుడు ఎన్నవ గంటియొద్ద కనబడునో వారమునకొకసారి తేదీతో సహా వ్రాసికొనుచు వచ్చినచో, అతడు నిలిచిన దినమును, మరలిన దినమును ఆ కాగితముమీదనే కనబడును.